చివరి గదిలో వెనక గొంతు

ఆ స్టూడియోలో నాలుగు గదులు. మొదటి మూడింటి గురించి ఎవరూ ఏమీ అనరు. చివరి గది మాటెత్తితే మాత్రం... టీ తాగుతున్నవాళ్ళు కూడా గొంతు తగ్గించేస్తారు.

మెట్లెక్కి, ఖాళీ నీళ్ళ క్యాన్లు పేర్చిన నడవా దాటి, మలుపు తిరిగితే ఆ గది. తలుపు జానెడు మందం. మూస్తే లోపల గొంతు చించుకున్నా బయటికి వినపడదు. లోపల రెండు భాగాలు. ఇవతల కంప్యూటరు, ఇంజనీరు కుర్చీ. అవతల, పెద్ద అద్దం వెనక, ఒక మైకు. డబ్బింగ్ చెప్పేవాళ్ళు అద్దం వెనక నిలబడి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, తెర మీద పెదాలు కదిలినప్పుడు మాట చెప్పాలి. అంతకన్నా ఏమీ ఉండదు అక్కడ.

కానీ అక్కడ నువ్వొక మాటంటే... నీ వెనకాల ఇంకెవరో అదే మాట అంటారు.

నీ గొంతుతోనే. రవ్వంత ఆలస్యంగా.

ఒకమ్మాయి హెడ్‌ఫోన్ విసిరికొట్టి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా విలన్లకి గొంతిస్తున్న ఒక మహానుభావుడు, తెర మీద ఎంతమందిని చంపించాడో లెక్కలేదు, ఆ గదిలో అయితే కడుపునొప్పి అని సెలవు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ జారుకున్నారు. చివరికి ఆ గదిలో విరిగిన కుర్చీలు పడేశారు.

ఆ వెనక గొంతు ఎవరిదని అడిగితే అందరూ ఒకటే మాట చెప్పేవాళ్ళు... అత్తగారిది.

మా అత్తగారు కాదు లెండి, ఆవిడ నిక్షేపంగా ఉంది. ఈవిడ డబ్బింగ్ కళాకారిణి. వేరే భాషలో తీసిన ఒక సీరియల్‌ని మన భాషలోకి మార్చి రోజూ వేసేవారు. అందులో కోడళ్ళని కాల్చుకుతినే అత్తగారికి తొమ్మిదేళ్ళపాటు ఈవిడే గొంతిచ్చింది. స్టూడియోలో వాచ్‌మన్ దగ్గర్నుంచి మేనేజర్ దాకా అందరికీ ఆవిడ 'అత్తగారే'. మనిషి మాత్రం ఎవరి చేతా మంచినీళ్ళు కూడా తెప్పించుకునేది కాదు. ఆ తొమ్మిదేళ్ళలో ఒక డైలాగు రెండుసార్లు చెప్పిందంటే, అది ఆవిడకి దగ్గొచ్చిన రోజయ్యుండాలి. అంత గురి.

ఆ చివరి గది ఆవిడదే. ఒకరోజు అందులోకి కొత్త కంప్యూటరొచ్చింది. దాంతోపాటు మైకులో గొంతుని కంప్యూటర్‌కి అందించే కొత్త పెట్టె కూడా వచ్చింది. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు దాన్ని. చేతిలో పట్టేంత ఉంటుంది.

ఆ వారం నుంచే అత్తగారు... లేటవడం మొదలైంది.

తెర మీద పెదాలు విచ్చుకుంటాయి. మాట రాదు. పెదాలు సగం కదిలాక మాట వస్తుంది. చూసేవాళ్ళకి అదేదో బొమ్మ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అప్పటి ఇంజనీరు మళ్ళీ చెప్పమనేవాడు. మళ్ళీ లేటు. ఇంకోసారి. మళ్ళీ లేటు.

"బాబూ, చెవుల్లో నా వెనకాల ఎవరో నా మాటే మళ్ళీ అంటున్నారు. తికమకగా ఉంది," అని ఆవిడ చెప్పింది.

ఇంజనీరు ఆవిడ హెడ్‌ఫోన్‌లో ఆవిడ గొంతే వినపడకుండా కట్టేశాడు. "ఇప్పుడు ఎవరూ అనరు, కానివ్వండి," అన్నాడు. వెనక గొంతు పోయింది. లేటు మాత్రం పోలేదు.

రోజూ సాయంత్రం మేనేజర్‌కి వెళ్ళే కాగితంలో ఒక్కటే మాట... లేటు. లేటు. లేటు. నలభై రోజులు. నలభై ఒకటో రోజు మేనేజర్ ఆవిణ్ణి కూర్చోబెట్టి, వయసు మీద పడింది కదమ్మా, విశ్రాంతి తీసుకోండి, అన్నాడు. యాభై ఆరేళ్ళు ఆవిడకి. డైలాగు కాగితాలు సర్ది టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. రెండేళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు చేసి పోయింది.

ఆవిడ పోయి నెల తిరక్కముందే ఆ గదిలో వెనక గొంతు మొదలైంది. ఇదీ స్టూడియోలో చెప్పుకునే కథ.

ఇక జరిగింది వినండి. ఇది నాకు మా బావమరిది చెప్పాడు.

వాడి పని స్టూడియోలు తిరిగి ఈ పెట్టెలు బిగించడం. మంచి పనివాడు. దేవుడన్నా, దెయ్యమన్నా ముందు వైరు ఎక్కడుందో చూస్తాడు. ఆ స్టూడియోలో పని ఎక్కువై మిగతా మూడు గదులూ చాలక, మేనేజర్ వీడికి ఫోన్ చేశాడు. "చివరి గదిలో ఏదో గొంతు వస్తోందట. పొద్దున తొమ్మిదికి రికార్డింగ్ ఉంది. ఈ రాత్రికి ఏదో ఒకటి చెయ్యవయ్యా," అన్నాడు. పగలు పక్క గదుల్లో పని ఆగదు కాబట్టి, వీడికి రాత్రి తప్ప వేరే దారి లేదు.

పది దాటాక వెళ్ళాడు. వాచ్‌మన్ తాళం ఇచ్చాడు గానీ మెట్లెక్కి రాలేదు.

"అయ్యాక పిలవండి సార్. నేనిక్కడే ఉంటా," అన్నాడట. కింద మెట్టు మీద.

విరిగిన కుర్చీలు పక్కకి నెట్టి, కంప్యూటరు ఆన్ చేశాడు. తెర అంచున ఒక కాగితం అంటించి ఉంది. 'నడుస్తోంది. సెట్టింగులు ఎవరూ కదపవద్దు.' ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఇది అలవాటే. నడుస్తున్నదాన్ని ఎవడూ ముట్టుకోడు. ఎందుకు నడుస్తోందో, ఎలా కుంటుతోందో కూడా చూడడు. తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా ఆ కాగితం మాట జవదాటలేదు.

మావాడు అద్దం అవతలికి వెళ్ళి, హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు.

"హలో..."

*హలో...*

వెనకాలే. మెడ మీద ఊపిరి తగిలినంత దగ్గర్లో.

"ఒకటి... రెండు..."

*ఒకటి... రెండు...*

నవ్వొచ్చిందట వాడికి. "దీనికా బావా, ఇంతమంది పారిపోయారు!" అన్నాడు నాతో. ఎందుకంటే అది వాడికి రోజూ కనపడేదే. కంప్యూటరు గొంతుని ఎప్పటికప్పుడు మోయదు. బిందెలో నీళ్ళు పట్టినట్టు కొంచెం కొంచెం పట్టి, నిండాక మోస్తుంది. బిందె చిన్నదైతే త్వరగా నిండుతుంది, గొంతు వెంటనే చెవికి చేరుతుంది. కానీ పరుగులెక్కువై కంప్యూటరు తడబడితే చిటపటలొస్తాయి. ఆ చిటపటలు పడలేక ఎవడో ఈ గదిలో అన్నిటికన్నా పెద్ద బిందె పెట్టాడు. అది నిండి, అటు మోసి, ఇటు తెచ్చేసరికి నీ మాట నీకే ఆలస్యంగా వినపడుతుంది. అదే వెనక గొంతు. అత్తగారప్పుడు హెడ్‌ఫోన్‌లో కట్టేసినదాన్ని తర్వాత ఎవరో మళ్ళీ తెరిచినట్టున్నారు. దెయ్యమూ లేదు, పాడూ లేదు.

సరే, ఆలస్యం ఎంతో కొలవాలి. దానికో పద్ధతుంది. మైకు వైరు పీకేసి, అదే రంధ్రంలోకి పెట్టె నుంచి బయటికొచ్చే శబ్దాన్నే మళ్ళీ వైరుతో పంపుతారు. కంప్యూటరు 'టిక్' మంటుంది. ఆ టిక్కు చుట్టు తిరిగి ఎంతసేపటికి ఇంటికొచ్చిందో చూస్తారు. పది నిమిషాల పని. పెట్టె బిగించిన రోజే చెయ్యాలి. ఎవడూ చెయ్యడు.

ఇవతలికొచ్చి కూర్చున్నాడు. రికార్డింగ్ ప్రోగ్రాం తెరిచాడు. మైకు వైరు ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్ తగిలించుకుని, మీట నొక్కాడు.

టిక్.

...టిక్.

టిక్.

...టిక్.

అప్పుడు...

"బాబూ... ఉన్నారా?"

ఆడగొంతు. పెద్దావిడ గొంతు. చాలా నెమ్మదిగా... అడగాలా వద్దా అన్నట్టు.

"మైకు వైరు నా ఒళ్ళో ఉంది బావా," అన్నాడు మావాడు. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా వాడు తన ఒళ్ళోకి చూసుకున్నాడు.

మైకు లేదు. అవతల గదిలో మనిషి లేదు. హెడ్‌ఫోన్‌లో ఊపిరి వినపడుతోంది... పొడుగ్గా, వణుకుతూ.

"బాబూ... నేను సిద్ధమే."

తలెత్తాడు.

అద్దంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

కదల్లేదట. జుట్టు ముడి, భుజానికి సంచి. వీడివైపే చూస్తోంది. నోరు తెరిచింది... ఏదో అంటోంది... కానీ వీడి చెవుల్లో వినపడే మాట ఆ పెదాలది కాదు. పెదాలొకటంటున్నాయి, గొంతొకటంటోంది. కుర్చీకి అతుక్కుపోయాడు. హెడ్‌ఫోన్ లాగేద్దామన్నా చెయ్యి పైకి రాలేదు.

అద్దంలో బొమ్మ పెద్దదైంది. దగ్గరికొచ్చింది. భుజం మీద చెయ్యి పడింది...

"అన్నయ్యా! ఎన్నిసార్లు పిలవాలి? తలుపు తీసే ఉంది, వచ్చేశాను."

ఆమె అద్దం అవతల లేదు. వీడి వెనకే తలుపు దగ్గర నిలబడి, అక్కణ్ణుంచి వచ్చింది. అవతల చీకటి కాబట్టి అద్దంలో నీడ కనపడింది. అంతే.

"అమ్మయ్య, నీకు ప్రాణం లేచొచ్చిందన్నమాట," అని నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

ఆ పిల్ల అత్తగారి కూతురు. ఇరవై రెండేళ్ళుంటాయి. తల్లి పోయాక డబ్బింగ్ నేర్చుకుంది. పొద్దున తొమ్మిదికి ఆ గదిలో రికార్డింగ్ ఆమెదే. రెండ్రోజుల కిందట మేనేజర్, ఇంజనీరు లేకుండా, స్వయంగా కూర్చుని, చివరి గదిలోనే ఆమెకి పరీక్ష పెట్టాడు. గొంతు బాగుందన్నాడు. తీరా వెనక్కి వేసి చూస్తే... లేటు. "మీ అమ్మకి లాగే నీకూ రక్తంలోనే ఉందమ్మా ఇది," అన్నాడట నవ్వుతూ. ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. పొద్దున కూడా లేటైతే ఆ పాత్ర వేరేవాళ్ళకి. ఆ తర్వాత ఆ పిల్లని ఏ స్టూడియో పిలుస్తుంది? లేటు అని పేరు పడ్డాక ఈ పనిలో ఎవరూ దగ్గరికి రానివ్వరు. అందుకే గది బాగు చేస్తున్నారని తెలిసి, ముందే ఒకసారి చెప్పి చూసుకుందామని, ఆ రాత్రి పూట తండ్రిని బండి మీద దింపమని వచ్చింది.

"ఏం వింటున్నారు? ముఖం అలా పాలిపోయిందేంటి?"

మావాడు హెడ్‌ఫోన్ ఆమెకిచ్చాడు.

ఆమె పెట్టుకుంది. మావాడికి భయమేసిందట, ఈ పిల్ల కూడా చెప్పులొదిలి పరిగెత్తుతుందేమోనని. ఆమె పరిగెత్తలేదు. నేల మీద చతికిలబడిపోయింది. హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో చెవులకి అదుముకుంది.

"ఆపకండి," అంది. "మా అమ్మ. ఆపకండి అన్నయ్యా."

ఆ ప్రోగ్రాంకి ఒక అలవాటుంది. తెరవగానే, చివరిసారి ఎక్కడ వదిలేశారో ఆ పాత పనినే మళ్ళీ తెచ్చి ముందు పెడుతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఎవరి పని వాళ్ళు వేరే డిస్కులో చేసుకుపోయారు. మొన్న పరీక్ష అయ్యాక, కూతురి గొంతుని తల్లి గొంతుతో పోల్చి చూడటానికి మేనేజర్ దీన్ని తెరిచినట్టున్నాడు. అది అత్తగారి చివరి రోజు రికార్డింగ్. బొమ్మతో సహా.

ఆ పిల్ల వింటుండగా మావాడు టిక్కుని కొలిచాడు. కొలిచి, మళ్ళీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు.

ఇక్కడ కొంచెం విడమర్చాలి. కంప్యూటర్‌కీ పెట్టెకీ మధ్య ఒక దుబాసీ ఉంటాడు. డ్రైవర్ అంటారు. ఆలస్యం ఎంతో కంప్యూటర్‌కి చెప్పేది వాడే. వాడు 'ఇంత' అని చెబితే, రికార్డైన గొంతుని కంప్యూటరు అంత ముందుకి జరిపి సరైన చోట పెడుతుంది. పెట్టె తయారుచేసినవాళ్ళే దాని దుబాసీని కూడా ఇస్తారు. కానీ ఈ గదిలో ఆ డ్రైవర్ లేదు. ఏ పెట్టెకైనా ఏదోలా సర్దుకుపోయే ఊరుమ్మడి డ్రైవర్ ఒకటి పెట్టి ఉంది. వాడు కంప్యూటర్‌కి చెబుతున్నది సెకనులో వెయ్యో వంతులు ఇరవై. నిజంగా పడుతున్నది నూటనలభై.

మిగిలిన నూటఇరవై ఎక్కడికి పోయింది? మాట చెప్పినవాళ్ళ నెత్తిన పడింది. తెర మీద సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు, అంటే ఫ్రేములు, తిరుగుతాయి. అది సరిగ్గా మూడు ఫ్రేములు. పెదాలు విచ్చుకున్నాక మాట రావడానికి పట్టే ఆ కాస్త సేపు.

"చెల్లెమ్మా," అన్నాడు మావాడు. "నువ్వు లేటు కాదు. ఈ గదిలో ఎవరు చెప్పినా మూడు ఫ్రేములు లేటుగానే పడుతుంది. దేవుడొచ్చి చెప్పినా అంతే."

ఆ పిల్ల హెడ్‌ఫోన్ తీసింది. సంతోషపడుతుందనుకున్నాడు.

"ఈ పెట్టె ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది.

వాడు టిక్కుల్లో పడి అంతదూరం ఆలోచించలేదు.

"మా అమ్మవి జరపండి," అంది.

అత్తగారు ఆ చివరి రోజు చెప్పిన డైలాగులన్నీ ఎంచి, మూడు ఫ్రేములు ముందుకి జరిపాడు. మొదట్నుంచీ వేశాడు. తెర మీద ఆ సీరియల్ అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది. పెదాలు విచ్చుకున్నాయి...

"ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదన్నమాట."

వెంట్రుకవాసి తేడా లేదు. పెదవి పెదవికీ మాట అతికినట్టుంది. తర్వాతది. ఆ తర్వాతది. దగ్గు దగ్గరా, ఏడుపు దగ్గరా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్న చోటా... అరవై ఏడు డైలాగులు. ఒక్కటి తప్పలేదు. తప్పని ఏరి పక్కన పెట్టిన రికార్డింగ్ అది. లేటు అని కాగితమెక్కిన రికార్డింగ్.

ఆ పిల్ల ఏడవలేదు బావా, అన్నాడు మావాడు. తెరకేసి చూస్తూ చెప్పుకుపోయిందట. ఇంటికొచ్చాక అమ్మ మాట్లాడటం తగ్గించేసిందనీ, ఎవరైనా ఏదైనా అడిగితే లోపల లెక్కపెట్టుకుని బదులిచ్చేదనీ, అద్దం ముందు కూర్చుని 'నా నోరు ముందు కదులుతోందా, మాట ముందు వస్తోందా, కాస్త చూడవే' అని తనని పక్కన నిలబెట్టేదనీ. చెవుల డాక్టరు బాగుందన్నాడు, తల డాక్టరు బాగుందన్నాడు. ఏ డాక్టరు మాటా ఆవిడ నమ్మలేదు. స్టూడియోలో నలభై రోజులు చెప్పారు కదా, వాళ్ళకి తెలీదా, అనేదట.

రికార్డింగ్ నడుస్తూనే ఉంది. డైలాగులైపోయాయి. అయిపోయిందనుకుని మావాడు ఆపబోయాడు.

అప్పుడు... ఇంకో గొంతు.

మగ గొంతు. మైకుకి దూరంగా, పక్కకి తిరిగి గొణుగుతున్నట్టు.

"మళ్ళీ లేటే... వయసైపోయాక ఇంట్లో కూర్చోవచ్చుగా, మా ప్రాణం తియ్యకపోతే..."

ఇంజనీరు దగ్గర కూడా ఒక చిన్న మైకుంటుంది, అవతలివాళ్ళతో మాట్లాడటానికి. దాన్ని కట్టెయ్యడం మరిచిపోయాడు. అదీ రికార్డైంది. అంతే కాదు... అవతల హెడ్‌ఫోన్‌లోకీ వెళ్ళింది. ఎందుకంటే ఆ గొణుగుడు తర్వాత అత్తగారి గొంతు వినపడింది.

"పొరపాటైంది బాబూ. ఇంకొక్కసారి చెప్తాను."

మావాడు అక్కడ ఆగాడు. మా ఇంటి బాల్కనీలో కూర్చుని చెబుతున్నాడు ఇదంతా. లోపల వాళ్ళక్క అంట్లు తోముతోంది. నేను గ్లాసు చేతిలో పట్టుకుని నీళ్ళు తాగడం మరిచిపోయాను.

"తర్వాత?" అన్నాను.

తర్వాత వాడు తన పని చేశాడు. పెట్టె వైరు పీకేసి, దాని సొంత డ్రైవర్ వేసి, కంప్యూటరు ఆపి, మళ్ళీ పెట్టి, అప్పుడు వైరు తగిలించాడు. వరస అదీ. వైరు తగిలించే ఉంచి డ్రైవర్ వేస్తే ఆ పెట్టె కుదురుకోదు. ముందు బిగించినవాడు అదే చేశాడు. కుదరకపోయేసరికి ఓపిక లేక ఊరుమ్మడి డ్రైవర్ పెట్టి చేతులు దులుపుకున్నాడు. సరిచెయ్యడానికి పావుగంట పట్టింది. టిక్కు వచ్చి గీత మీద కూర్చుంది. బిందె చిన్నది చేశాడు. వెనక గొంతు పోయింది.

పొద్దున తొమ్మిదికి ఆ పిల్ల మైకు ముందు నిలబడింది. మొదటిసారికే సరిపోయింది. మేనేజర్ పొంగిపోయాడు.

"శభాష్! మీ అమ్మలా కాదు, నువ్వు కరెక్టుగా ఉన్నావు," అన్నాడు.

"మా అమ్మా కరెక్టే సార్," అంది ఆ పిల్ల. జరిగిందంతా చెప్పింది. మావాడు కొలతలు చూపించాడు. మేనేజర్ ఒక నిమిషం తల గోక్కున్నాడు.

"అయ్యో. సరేలే, అయిపోయిన విషయం. తర్వాతి పేజీ తియ్యమ్మా."

తీసింది. పని కావాలి కదా.

"ఇదీ కథ," అన్నాడు మావాడు.

"బానే ఉంది. చివరికి దెయ్యం లేదన్నమాట," అన్నాను నేను. నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది.

వాడు నావైపు తిరిగాడు. వాళ్ళక్కతో నా పెళ్ళై నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో నేను పనిచేసిన స్టూడియోల పేర్లన్నీ వాడికి చెప్పాను. ఒక్కదాని పేరు తప్ప.

"ఆ గొణుగుడు విని ఆ పిల్ల నన్నడిగింది బావా. 'అన్నయ్యా, మీరు అన్ని స్టూడియోలూ తిరుగుతారు కదా. ఈ గొంతు ఎవరిదో తెలుసా?' అని."

"నువ్వేమన్నావు?"

"తెలీదన్నాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"దెయ్యం గొంతైతే అంత భయపడేవాణ్ణి కాదు," అన్నాడు వాడు. వాళ్ళక్కకి వినపడకుండా గుసగుసగా. "ప్రతి ఆదివారం ఫోన్ చేసి, భోజనానికి రారా, అని పిలిచే గొంతు బావా అది."

ఏం చెప్పను? కాగితం అంటించింది నేనే. లేటు, లేటు, లేటు అని నలభై రోజులు రాసింది నేనే. వైరు పీక్కుండా డ్రైవర్ వేసింది నేనే. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. నాకన్నీ తెలుసనుకునేవాణ్ణి.

వాడు లేచాడు. చెప్పులేసుకున్నాడు. జేబులోంచి ఒక చీటీ తీసి బాల్కనీ గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద నా గ్లాసు పెట్టాడు.

"ఆ పిల్ల నంబరు. ఆ గొంతు ఎవరిదో ఎప్పుడైనా తెలిస్తే ఇమ్మంది. తిట్టడానికి కాదట. వాళ్ళమ్మ లేటు కాలేదని ఆయనకి చెప్పాలట." మెట్ల దగ్గర ఆగి, నావైపు చూడకుండా అన్నాడు. "పాపం, ఆయనకి తెలీదు కదా, అంది."

వెళ్ళిపోయాడు.

నాకు తెలుసు.

అత్తగారిని పంపేసిన వారానికి ఆ పాత్రకి కొత్తమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. చురుకైన పిల్ల. మొదటి డైలాగు వెనక్కి వేసి చూశాను. మూడు ఫ్రేములు లేటు. రెండోది చూశాను. మూడు ఫ్రేములు. ఆ రోజే నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. అందరి మాటల్నీ ఒకేసారి ఎంచి, మూడు ఫ్రేములు ముందుకి జరిపేశాను. మర్నాడూ అంతే. నా తర్వాత వచ్చిన ఇంజనీర్లకి కూడా అలాగే చెయ్యమని నేర్పి, వేరే స్టూడియోకి మారిపోయాను.

ఆవిడ ఆ తర్వాత రెండేళ్ళు బతికుంది. ఆవిడ నంబరు నా ఫోన్‌లోనే ఉండేది.